రూతమ్మగారి దూదిపుల్ల

కోడలు బల్లమీద పెట్టిన ఫిల్టర్ కాఫీ పరిమళం గది నిండా పరుచుకుంది. న్యూజీలాండ్ దక్షిణపు కొనన ఉన్న మా ఇన్వర్‌కార్గిల్ చలిలో దీన్ని మించిన ప్రలోభం లేదు. అయినా ఈ ఉదయం తాగను. గ్యాలరీలో ఒక పటం శుభ్రం చేయవలసి ఉంది. ఈ నియమం నాకు రూతమ్మగారు నేర్పినది.

ఆవిడ కాకినాడ నుంచి నర్సుగా వచ్చారు. ఉద్యోగ విరమణ తరువాత పాత చిత్రాలను శుభ్రపరిచే విద్య నేర్చుకుని, మా ఊరి చిన్న గ్యాలరీ బాధ్యత చూసేవారు. పాలిటెక్నిక్‌లో గణాంకశాస్త్రం బోధించిన నేను అక్కడ పటాల కింద అతికించే చీటీలు రాసేవాణ్ణి. తేదీ తెలియనిదే మాట రాయకూడదన్నది నా పట్టుదల. అందుకే ఆవిడకు నేను ‘లెక్కల మాస్టారు’ను.

మా గ్యాలరీలో ఎడ్విన్ ట్రస్కట్ అనే పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడి సముద్రదృశ్యం ఒకటి ఉంది. దానిపై సంతకం ఉంది. ఆయనను గురించి అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. ఒక కుటుంబం ఇచ్చిన స్త్రీ చిత్తరువు కూడా ఆయనదేనని రూతమ్మగారి నమ్మకం. బొగ్గుపొయ్యి మసి పట్టి, ముఖం తప్ప మరేదీ కనిపించని పటమది. గీసినదెవరో తేలకపోతే దానిని గోడమీద నుంచి దించి గోదాముకు పంపుతామని కమిటీవారు చెప్పారు.

“ఆయనదేనని రాసెయ్యండి మాస్టారూ.”

“ఆధారమేదండీ? సంతకం లేదు, సంవత్సరం లేదు.”

“అయితే వెతుకుదాం, రండి.”

ఆవిడ సన్నని పుల్లకు దూది చుట్టి, నాలుకమీద తడిపి, పటం మూలన మెల్లగా దొర్లించారు. నేను అదిరిపడ్డాను. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్ళు తాగే ఇంట పెరిగినవాణ్ణి.

“ఎంగిలి చేస్తున్నారేమిటండీ!”

“చంటిపిల్ల మూతికి మరకైతే తల్లి కొంగు నోట తడిపి తుడవదేంటండీ? డెట్టాల్ పోస్తుందా? ఈ పని తెలిసినోళ్ళందరూ ఇలాగే చేస్తారు. ఇదిగో, మీరూ పట్టండి. కాఫీ తాగి రాలేదు కదా?”

“తాగే వచ్చాను.”

“అయితే రేపు రండి. ఈ పటంలో మా దొరసానికి కాఫీ ఎంగిలి పడదు.”

మరునాడు కాఫీ మానుకుని వెళ్ళాను. నల్లబడిన దూది పారేయడం, కొత్తది చుట్టడం. కొన్నాళ్ళు అదే పని. చివరకు ఆ స్త్రీ భుజం వెనుక ఒక కిటికీ బయటపడింది. కిటికీలో సముద్రం. అలల నురుగు తెల్లరంగు పూసి తెచ్చినది కాదు. తడి రంగును కుంచె వెనుక కొనతో గీరి తెచ్చినది. సంతకమున్న సముద్రదృశ్యంలోనూ నురుగు అచ్చంగా అలాగే ఉంది.

“ఇప్పుడు రాస్తారా?”

“రెండూ ఒకే చేతివని రుజువు కాలేదండీ.”

“కాదని రుజువైందా?”

కలం తీసి, ‘బహుశా ఎడ్విన్ ట్రస్కట్. సంవత్సరం తెలియదు’ అని రాశాను. ‘బహుశా’ను మాత్రం చిన్న అక్షరాలలో ఇరికించాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చదివి, పకపకా నవ్వారు.

“నిజమే రాశారు కదా, ఇంకా సిగ్గెందుకండీ? దాన్నీ పెద్దగా రాయండి.”

కమిటీకి ఆ మాట చాలింది. రూతమ్మగారు వెళ్ళిపోయి ఏళ్ళయినా, దొరసాని తన కిటికీతో సహా గోడమీదే ఉంది.

“ఏంటి మామయ్యా, మళ్ళీ పెయింటింగ్ క్లీనింగా?” అంటూ కోడలు కప్పు తీసుకుని తానే తాగేసింది. నేను దూది జేబులో వేసుకున్నాను. ఈసారి వచ్చిన పటానికీ పేరు లేదు, సంవత్సరం లేదు. చీటీలో మొదటి మాట మాత్రం అప్పుడే సిద్ధం చేసుకున్నాను, పెద్ద అక్షరాలలో.