బాపట్ల పటం మీద అమ్మ వేలు

దయ్యాల మాట వస్తే మా స్టాఫ్ రూములో అందరికంటే ముందు నవ్వేది నేనే. తెనాలిలో పంతొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. నిరూపణ లేనిదేదీ పిల్లల చేత రాయించలేదు, నేనూ నమ్మలేదు. మాది లూథరన్ కుటుంబం. ప్రార్థన అలవాటే కానీ, కలలూ దర్శనాలూ చెప్పుకునేవాళ్ళంటే మా ఇంట్లో కాస్త చిన్నచూపు. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను, అంతే.

1992 వేసవి అది. మా అమ్మ కరుణమ్మకి అప్పటికి అరవై నాలుగేళ్ళు ఉంటాయి. ఉంటాయి అంటున్నానంటే, ఆమె ఎప్పుడు పుట్టిందో కచ్చితంగా ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ వయసులో ఆమెను రేపల్లెలో ఒక క్రైస్తవ బాలికల హాస్టల్లో చేర్చారు. అక్కడే చదువుకుని, టీచరు ట్రైనింగు పూర్తి చేసి, నాన్నను పెళ్ళి చేసుకుని తెనాలి వచ్చింది. హాస్టలు రిజిస్టరులో ఆమె పేరుకి ఎదురుగా ఊరు బాపట్ల అని ఉంది. తల్లిదండ్రులు అన్నచోట "తెలియదు" అని ఉంది.

ఆ ఒక్క మాట అమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది. "వద్దనుకునే ఇచ్చేసుంటారు. ఆడపిల్లని కదా" అనేది. ఏడుస్తూ కాదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మామూలుగా అనేది. బాపట్ల వెళ్ళి వాకబు చేద్దామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. చీరాల బంధువులింటికి రైల్లో వెళ్ళేటప్పుడు బాపట్ల స్టేషను వస్తే కిటికీ వైపు నుంచి మొహం తిప్పేసుకునేదని నాన్న చెప్పేవారు. ఆ ఊళ్ళో ఆమె ఏనాడూ దిగలేదు.

1984లో నీటికాసుల జబ్బుతో అమ్మకి రెండు కళ్ళూ పోయాయి. పగలో రాత్రో కూడా ఎండ వేడిని బట్టి చెప్పేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మా ఊళ్ళో శేషయ్య గారని ఒక ప్రెస్సు యజమాని ఉండేవారు. ఎక్కడో పాత కాగితాల్లో ఆయనకి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల పాత సర్వే పటాలు దొరికాయి. స్వాతంత్ర్యానికి ముందు గీసినవి. ఒక్కో సందూ, ఒక్కో బావీ, ఒక్కో ఇంటి ఆకారమూ వాటిలో ఉన్నాయి. ఆయన వాటిని ముచ్చటపడి మళ్ళీ అచ్చు వేశారు. ముందు తెనాలి పటం వచ్చింది. నేను దాన్ని తరగతిలో గోడకి తగిలించి, మీ తాతల ఇళ్ళు ఎక్కడున్నాయో కనుక్కుని రమ్మని పిల్లలకి చెప్పాను. వాళ్ళు ఇళ్ళలో దస్తావేజులు తిరగేసి, ముసలివాళ్ళని అడిగి, పటం మీద చుక్కలు పెట్టారు. ఒకమ్మాయి వాళ్ళ వీధి ఒకప్పుడు కాలవ అని తేలితే, తరగతంతా వెళ్ళి ఆ వీధి పల్లం కొలిచి వచ్చాం.

ఏప్రిల్ చివర్లో బాపట్ల పటం అచ్చయింది. ఒకటి కొనుక్కొచ్చి మధ్యాహ్నం భోజనాల తర్వాత బల్ల మీద పరిచాను.

"ఏంటే ఆ చప్పుడు?" అంది అమ్మ, పక్క గదిలోంచి.

"బాపట్ల పటం అమ్మా. పాతది."

 అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. కాగితం మీద అరచెయ్యి ఆనించింది. జ్వరం చూసేటప్పుడు పిల్లల నుదుటి మీద పెట్టినట్టు పెట్టింది. తర్వాత చూపుడు వేలు ఒక్కటే కదిలింది.

"ఇది రైలు కట్ట" అంది.

చూశాను. రైలు కట్టే.

వేలు స్టేషను దగ్గర ఆగి, అక్కడినుంచి ఒక వీధిలోకి మళ్ళింది. వీధి మధ్యలోంచి కాదు, ఎడమ అంచునే పట్టుకుని వెళ్ళింది. "ఇక్కడ సందు వంకర తిరుగుద్ది. ఇది బావి. బావి దాటాక కుట్టుమిషను సాయిబు గారి ఇల్లు. దాని పక్కనే, ఇదిగో, ఇదే" అని ఆగిపోయింది. ఆమె బావి అన్నచోట పటం మీద బావి గుర్తు ఉంది. వేలు ఆగినచోట చిన్న చదరం ఉంది. పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టాను. 

"ఇదే అంటే ఏంటమ్మా?"

"ఇల్లు" అంది. 

మొదట అచ్చు మీద అనుమానం వచ్చింది. గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయేమోనని కళ్ళు మూసుకుని తడిమాను. ఏమీ తగల్లేదు. శేషయ్య గారిని అడిగితే ఆయన నావంక వింతగా చూసి, "ఆఫ్‌సెట్ అచ్చు టీచరు గారూ. తడిమితే ఏం తెలుస్తుందండి? నున్నటి కాగితమే" అన్నారు.

మర్నాడు అమ్మకి చెప్పకుండా పటాన్ని తలకిందులుగా పరిచాను. వేలు కాసేపు తచ్చాడి, పై అంచుకి వెళ్ళి, రైలు కట్ట పట్టుకుని, నిన్నటి దారినే అటునుంచి ఇటు వచ్చి పెన్సిలు గుర్తు పక్కన ఆగింది.

అప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది. నేను ఊపిరి బిగబట్టడమో, కదలడమో ఆమెకి సైగలా తెలుస్తోందేమో. అందుకని మూడో రోజు మా సైన్సు టీచర్ని పిలిచాను. ఆవిడ బాపట్ల ఎరగదు. పెన్సిలు గుర్తు లేని కొత్త కాపీ ఒకటి, రేపల్లె పటం ఒకటి ఆవిడ చేతికిచ్చి, ఏది ముందు పరచాలో ఆవిడ ఇష్టానికే వదిలి, నేను పెరట్లో కూర్చున్నాను. పావుగంట తర్వాత ఆవిడ పటాలు చేత్తో పట్టుకుని వచ్చింది. ముందు రేపల్లె పటం పరిచిందట. అమ్మ రెండు నిమిషాలు తడిమి, "ఇది వేరే ఊరండి" అందట. రెండోది పరిస్తే వేలు పెట్టినచోట ఆవిడ చుక్క పెట్టింది. నా కాపీతో పోల్చి చూశాం. అదే చదరం.

ఆ సాయంత్రం అమ్మే అడిగింది. "రేపు పొద్దున బండికి తీసుకెళ్తావా?"

"ఇన్నాళ్ళూ వద్దన్నావుగా."

"ఇప్పుడు వెళ్దామంటున్నానుగా. వాళ్ళు వద్దనుకున్నా సరే, ఆ మాట అక్కడే విని వస్తాను."

పొద్దున పాసింజరులో వెళ్ళాం. స్టేషను బయట నేను పటం విప్పాను. అరవై ఏళ్ళలో ఊరు చాలా మారింది. రైలు గేటు, ఒక కాలవ, ఒక చర్చి, ఈ మూడూ తప్ప పటంతో ఏదీ సరిపోలేదు. నేను స్కేలు చూసి అడుగులు లెక్కవేస్తున్నాను. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఎడమ పక్క గోడలు తాకుతూ నడుస్తూనే ఉంది. రెండుసార్లు నేను తప్పు సందులోకి తిప్పితే కాళ్ళు బిగబట్టి ఆగింది.

ఒకచోట పెద్ద గోడ అడ్డం వచ్చింది. బియ్యం గోడౌను. అమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి, "ఇక్కడ దారి ఉండాలి" అంది.

గోడౌనులో బస్తాలు మోసే ఆయన బీడీ పక్కన పెట్టి వచ్చాడు. "ఉండేదంట పెద్దమ్మా, ముందు. ఇది కట్టినప్పుడు మూసేశారు. చుట్టూ తిరిగి ఎల్లాలి" అని దారి చూపించాడు.

వెనక వైపు ఒక సందు మిగిలి ఉంది. అందులో ఒక బావి. ఎండిపోయింది, పైన రేకు వేసి ఉంది. బావి దాటాక పెంకుటిల్లు. అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. నేను మేమెవరమో చెప్పి, ఇక్కడ ఎప్పుడైనా కుట్టుపని చేసే సాయిబు గారు ఉండేవారా అని అడిగాను.

"మా నాన్నే తల్లీ. పోయి చాలా ఏళ్ళయింది" అంది. ఆవిడ పేరు ఖాదర్‌బీ. డెబ్భై దాటాయి. అమ్మని కాసేపు ఎగాదిగా చూసి, నాతో, "మీ అమ్మకి ఎడం రెక్క మీద వాత ఉందా? కోసుగా, ఇస్త్రీపెట్టె మూతిలాగా" అని అడిగింది.

అమ్మ జాకెట్టు చేతులు మోచేతుల దాకా ఉన్నాయి. వాత బయటికి కనపడదు. నాకు చిన్నప్పటినుంచీ ఆ మచ్చ తెలుసు. ఎలా వచ్చిందో అమ్మకే తెలియదు.

"ఉందండి" అన్నాను.

ఖాదర్‌బీ చింతపండు చేట పక్కకి నెట్టి, లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "మా నాన్న బొగ్గుల పెట్టె మీద పడ్డావు నువ్వు. నేనే ఎత్తుకుని ఉన్నాను ఆ రోజు. నా చేతిలోంచే జారావు చెల్లీ."

ఆవిడ చెప్పింది ఇది. మా అమ్మమ్మ పేరు శాంతమ్మ, వాళ్ళ పక్కింట్లోనే ఉండేది. పొలం పనులకి వెళ్ళేది. ఆ ఏడు మశూచి వచ్చి తాతయ్య పోయాడు. అమ్మమ్మకీ వచ్చింది. పిల్లకి అంటుకోకుండా ఇళ్ళకి వచ్చి బైబిలు చదివే ఒకావిడ అమ్మని ఎక్కడికో హాస్టలుకి తీసుకెళ్ళింది. నెల తిరక్కుండా ఆవిడా అదే జబ్బుతో పోయింది. పిల్లని ఏ ఊళ్ళో వదిలిందో చెప్పగలిగిన మనిషి లేకుండా పోయింది. అమ్మమ్మ బతికింది. కానీ మశూచి ఆమె రెండు కళ్ళూ తీసేసింది.

"రోజూ స్టేషనుకి పోయేది చెల్లీ. బండి ఎక్కే వాళ్ళనీ దిగే వాళ్ళనీ అడిగేది, మా పిల్లని చూశారా అని. వచ్చేటప్పుడు ఎడం చేత్తో గోడలు పట్టుకుని, ఈ బావి గట్టు తగిలితే ఇల్లొచ్చిందని ఆగేది. అయిదారేళ్ళు అట్టాగే తిరిగింది. వానైనా ఎండైనా మానలేదు. పోయేనాడు కూడా నీ పేరే."

 అమ్మ అరుగు మీద కూర్చుంది, ఖాదర్‌బీ చెయ్యి వదలకుండా. తర్వాత "వద్దనుకోలేదన్నమాట" అంది. మళ్ళీ ఇంకోసారి అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆ క్షణం దాకా నా దగ్గర ఒక వివరణ ఉంది. పటం మీద వేలి సంగతి ఎలా ఉన్నా, దారి మాత్రం పసితనపు జ్ఞాపకమే అయి ఉండాలి, నాలుగేళ్ళ పిల్ల తిరిగిన సందు ఎక్కడో లోపల నిలిచిపోయి ఉండాలి అనుకున్నాను. వెళ్ళబోయే ముందు బావి దగ్గర ఆగి రేకు పక్కకి జరిపి చూస్తుంటే, ఖాదర్‌బీ మామూలుగా, "ఇది మీ అమ్మ ఇక్కడున్నప్పుడు లేదులే. తర్వాత తవ్వారు" అంది.

గట్టు మీద పేరుకున్న మట్టి గోకాను. గచ్చులో సంవత్సరం చెక్కి ఉంది. పటం అంచున రాసుకున్నాను.

ఆ వారమే రేపల్లె వెళ్ళి హాస్టలు వార్డెన్‌ని బతిమాలి పాత రిజిస్టరు తీయించాను. మూడుసార్లు చదివాను. అమ్మ చేరిన రెండేళ్ళకి బావి తవ్వారు. ఆ తర్వాత కూడా అమ్మ హాస్టలు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సెలవులకి తీసుకెళ్ళడానికి ఎవరూ లేని పిల్లల జాబితాలో ప్రతి ఏడూ ఆమె పేరుంది. ఆ గట్టు తెలిసింది అమ్మమ్మ చేతికే, అమ్మ చేతికి కాదు.

ఇంటికొచ్చాక పటాన్ని మళ్ళీ అమ్మ ముందు పరిచాను. ఆమె అరచెయ్యి అటూ ఇటూ జరిపి, "ఏం తెలియట్లేదే. ఒట్టి కాగితం" అంది. తర్వాత రోజుల్లో ఎన్నిసార్లు చేయించినా అంతే. రైలు కట్ట కూడా దొరకలేదు.

అమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది. రెండు మూడు నెలలకోసారి బాపట్ల తీసుకెళ్ళమనేది. అమ్మమ్మని పాతిపెట్టిన చోటు ఖాదర్‌బీ చూపిస్తే, అక్కడ పేరుతో ఒక రాయి పెట్టించాం. ఆ ముసలివాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆ నాలుగేళ్ళలో నేను చూసిన అమ్మే వేరు. పాటలు పాడేది.

నేను మాత్రం ఊరుకోలేదు. బావి స్థానంలో అంతకుముందు ఇంకో బావి ఉండేదేమోనని ఆ సందులో మరో ఇద్దరు పెద్దవాళ్ళని అడిగాను. లేదన్నారు. ఎవరైనా హాస్టలుకి వచ్చి అమ్మకి ఈ సంగతులు చెప్పి ఉంటారేమోనని అమ్మతో చదువుకున్న ఒకావిడని వెతికి పట్టుకున్నాను. ఎవరూ రాలేదంది. సైన్సు టీచరు తన చుక్క పెట్టిన కాపీని నాకు తిరిగి ఇచ్చేసింది, ఇంట్లో ఉంచుకోలేనని. రెండు కాపీలూ నా బీరువాలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

అమ్మని ఒకే ఒక్కసారి సూటిగా అడిగాను. "ఆ బావి నువ్వు చూడనే లేదు. నీకెలా తెలిసిందమ్మా?"

 "తెలియదే. చెయ్యి దానంతటదే పోయింది. నేను వద్దనలేదు" అంది.