గండికోటలో వదినకు పెట్టిన సంగటి

మా వదిన మీద పగ తీర్చుకోవడానికి నాకు గండికోట కలిసొచ్చింది.

పెళ్లయిన మరుసటి రోజు జమ్మలమడుగులో, మా సీమ రుచి చూపిద్దామని అమ్మ వియ్యాలవారికి రాగిసంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరి వడ్డించింది. మా ఆయన అక్క విస్తరి పక్కకు తోసి, బంతిలో అందరూ వినేలా, “మా తెనాలి వైపు దీన్ని గొడ్లకు పెడతారండీ” అంది. అమ్మ నవ్వుతూనే ఆ విస్తరి తీసింది. వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ క్షణం నుంచి వదినంటే నాకు ఒళ్లుమంట.

తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, వాళ్లాయనకు కొత్త రాజధాని కర్నూలుకు బదిలీ అయింది. తమ్ముణ్ణి తోడు తీసుకుని తిరుపతి పోదామని ఆమె ప్రొద్దుటూరులో మా ఇంట్లో దిగింది. పోయేలోపు గండికోట చూడాలని ముచ్చటపడింది. చూపిద్దాం, దానికేం భాగ్యం అన్నాను.

తిండి అమ్మ తెస్తుందని వదినతో చెప్పాను. వదినకు పెరుగన్నం నేను తెస్తాను, మనకు సంగటి చాలని అమ్మకు కబురు పెట్టాను. పెరుగన్నం కలపనే లేదు. బస్సులో జమ్మలమడుగు చేరి, అమ్మను ఎక్కించుకుని ఎద్దులబండిలో కోటకు పోయాం.

ఎండ మాడ్చేస్తోంది. వదిన ధాన్యాగారం చూసింది, మసీదు చూసింది, బండల మీద పాక్కుంటూ పోయి పెన్న లోయలోకి తొంగిచూసింది. తిరిగొచ్చేసరికి ఆకలికి మొహం పీక్కుపోయింది. కోటలో నాలుగిళ్లున్నాయిగానీ హోటల్ ఎక్కడిది? అన్నం మూట విప్పమంది. విప్పాను. అన్నం ఏదని అడిగింది. ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను.

“గొడ్లకు పెట్టేదే తెచ్చినాం వదినా. తినండి.”

మా ఆయన నా వైపు గుర్రుగా చూశాడు. వదిన తల వంచుకుని ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. సంగటిని మింగాలని తెలియక కసకసా నమిలింది. అది పళ్లకు, అంగిలికి అంటుకుపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దాచుకోకుండా నవ్వాను. కడుపు చల్లబడింది.

అమ్మ మాత్రం ఆమె పక్కన చేరింది. “నమలగూడదమ్మా. ఊరుబిండిలో అద్దుకోని మింగల్ల” అంటూ చిన్న ముద్ద చేసి, నెయ్యి అంటించి చేతికిచ్చింది. వదిన మింగింది. ఇంకోటి అడిగింది. మూడో ముద్ద దగ్గర ఆగి, “అత్తయ్యగారూ, ఆ రోజు నేను...” అని మొదలుపెట్టింది. ఆ క్షమాపణ వినాలనే నేనింత దూరం లాక్కొచ్చాను. అమ్మ అడ్డుపడి, ఇంకాస్త నెయ్యి వెయ్యనా అని అడిగింది. వదిన ముద్ద పట్టుకున్న చెయ్యి చాపింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిరుగు బండిలో వదిన కునుకు తీస్తుంటే అమ్మను నిలదీశాను. నీ కోసమే కదా ఇదంతా చేసింది, ఆమెను ఎందుకు చెప్పనీయలేదన్నాను.

అమ్మ గొంతు పెంచలేదు. “ఆ యమ్మ తెలీక అనింది. ఆ సంగటి తిని పెరిగిన దానివి, నువ్వెట్లా అంటివి మే?”