చింతపండు తాత ఒప్పుకున్న తప్పు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మాతోనే ఉండే మా పెద్దమ్మ అంటే అందరికీ కాస్త భయమే. ఆవిడ కోర్టులో ప్రభుత్వ వకీలు. పోలీసులు కేసు పెడితే సర్కారు తరఫున నిలబడేది ఆవిడే. దొంగలందరినీ జైలుకు పంపడమే ఆవిడ ఉద్యోగమని నేను స్కూల్లో గొప్పలు పోయేదాన్ని.

మా ఇంటికి ఏటా చింతపండు తెచ్చే కొండ ఊరి తాత ఒకాయన ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఓ వేసవిలో ఆయన పెరట్లో, అడవిలో దొంగతనంగా కొట్టిన టేకు దుంగలు దొరికాయి. పోలీసులు పట్టుకొచ్చి అడిగితే "తప్పు నాదేనండి" అన్నాడట. ఇంకేముంది, ఒప్పుకున్నాడుగా అని నేనూ పెద్ద తీర్పరిలా చెప్పేశాను.

మర్నాడు ఆయన భార్య చింతపండు బుట్టతో మా గుమ్మంలోకి వచ్చింది. "మా ఇంటాయన తప్పొప్పుకున్నాడమ్మా. పెద్దలెప్పుడు కూకుంటారో సెప్పండి" అంది. పెద్దమ్మ గుచ్చి గుచ్చి అడిగితే సంగతి అప్పుడు తెలిసింది. వాళ్ల ఊళ్లో దొంగసొత్తు ఎవరి పెరట్లో దొరికితే ఆ ఇంటి పెద్ద ముందుగా తప్పు నెత్తిన వేసుకుంటాడు. తర్వాత పెద్దలు కూర్చుంటారు. తన మూలాన ఒక ముసలాయన మాటలు పడుతుంటే చూడలేక, అసలు చేసినవాడు లేచి నిలబడతాడు. పాపం, స్టేషన్లోనూ అదే జరుగుతుందని తాత అనుకున్నాడు.

పెద్దమ్మ ఆ బుట్టను గడప దాటనివ్వలేదు. డబ్బిచ్చి కొనడానికీ ఒప్పుకోలేదు. ఇంత కఠినమా అని నాకు ఒళ్లు మండింది. కేసు తేలేదాకా ఆ ఇంటి చింతపండు తన పులుసులో పడకూడదని తర్వాత చెప్పింది.

అసలు దొంగను వెతకమని పెద్దమ్మ కబురు పెడితే సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. "ఏటండీ మేడంగారూ, మీరు మా పక్కా, దొంగ పక్కా?" అని నవ్వారు.

పెద్దమ్మ నవ్వలేదు. "పట్టుకోవడం మీ పనండీ. మీరు పట్టుకున్న ప్రతివాణ్ణీ దొంగని చెయ్యడం నా పని కాదు. స్టేషన్లో అన్న మాట కోర్టులో చెల్లదని మీకూ తెలుసు" అంది.

కోర్టులో మేజిస్ట్రేటు గారు అడిగినప్పుడూ తాత అదే మాట అన్నాడు. అక్కడ ఒప్పుకుంటే మాత్రం శిక్ష పడుతుంది. పెద్దమ్మే లేచి, అది వాళ్ల ఆచారమండీ, ఆయనకో వకీలును ఇచ్చి విచారణ చెయ్యండని అడిగింది. కేసు వాయిదా పడింది. ఆ వాయిదా రాకముందే పెద్దమ్మకు దూరపు జిల్లాకు బదిలీ వచ్చింది.

ఆవిడ స్థానంలో వచ్చినాయన చాలా మంచివారు, ఎవరి మాటా కాదనేవారు కాదు. కోర్టు ఇచ్చిన వకీలు వాయిదా రోజున రానేలేదు. తాత మళ్లీ "తప్పు నాదే" అన్నాడు. ఎవరూ లేవలేదు. శిక్ష పడింది.

జైలుకు తీసుకెళ్తుంటే బస్టాండులో ఆయన్ని చూశాను. "పెద్దలెప్పుడు కూకుంటారు బాబూ?" అని కానిస్టేబుల్‌ని మెల్లగా అడుగుతున్నాడు. కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు. దుంగలు దాచిందెవరో మాకు ఇప్పటికీ తెలియదు. మరుసటి ఏడు మాకు చింతపండు రాలేదు.

ఇప్పుడు టీవీలో నిందితుడు నేరం అంగీకరించాడని చదివితే మా ఇంట్లోవాళ్లు హమ్మయ్య అంటారు. నా నోటికి ఆ మాట రాదు. ఎవరి ముందు ఒప్పుకున్నాడు, అప్పుడు లేచి నిలబడినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని అడుగుతాను. ముసలిదాని చాదస్తమని నవ్వుతారు. నాకు మాత్రం ఆ తాత ఇంకా ఆ బస్టాండులోనే నిలబడి పెద్దల కోసం చూస్తున్నట్టుంటుంది.