హాట్ ప్రెస్‌లో సింథసైజర్

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో జ్ఞానేశ్వరి గారి హాట్ ప్రెస్ గురించి వినని తెలుగువాళ్లు లేరు. వేడినీళ్ల ట్యాంకు ఉండే ఆ అలమరలో ఇడ్లీ పిండి పెడితే, అది పొంగి, మూత నెత్తిన పెట్టుకుని మెట్లు దిగి వస్తుందని ఆవిడే చెబుతుంది. సగమైనా నమ్మాలి.

పక్కింటి కాలిన్ ఇంగ్లండ్ మనిషి. పద్దెనిమిదో ఏట సింథసైజర్ చంకన పెట్టుకుని బ్యాండులో చేరాడు. ఒకే ఒక్క పాట ఊరూరా మోగింది. తరవాత పబ్బుల్లో, పెళ్లిళ్లలో, ఒకసారి పశువుల సంతలో కూడా వాయించాడు. నలభై ఏళ్లలో కచేరీ లేని ఏడాది లేదు. కరోనా వచ్చి అన్నీ మూయించింది. ఈ ఏడాదీ ఖాళీగా పోకూడదని, డిసెంబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం తన గుమ్మంలోనైనా వాయించాలనుకున్నాడు.

తీరా ఆ ఉదయం చూస్తే, షెడ్డు చలికి సింథసైజర్ శ్రుతి తప్పింది.

"వెచ్చబడితే గానీ దారికి రాదు. ఇల్లు వెచ్చబరిచే మా బాయిలరేమో పాడైంది," అన్నాడు గోడ అవతల నుంచి, దిగాలుగా.

"ఇలా ఇవ్వండి," అంది జ్ఞానేశ్వరి.

"మామ్, ఇట్స్ నాట్ బ్యాటర్! ఇడ్లీ పిండి కాదది!" కూతురు హాసిని తల పట్టుకుంది.

"నువ్వూరుకోవే. నా పిండి కన్నా మొండిదా అది?"

మూడు గంటలు పిండి గిన్నె పక్కనే, తువ్వాలు కప్పుకుని పడుకుంది సింథసైజర్. మధ్యాహ్నం రెండు గంటలకు కాలిన్ భయంభయంగా మీట నొక్కాడు. శ్రుతి కుదిరింది! ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి వీధంతా చిందులేసింది.

"నలభై ఒకటో ఏడు!" అని అరిచాడు కాలిన్.

ఆ సింథసైజర్ తనంతట తానే మెట్లు దిగి వచ్చిందని చెబుతుంది జ్ఞానేశ్వరి ఇప్పుడు. కాలిన్ కాదనడు.