తీగల కింద బంతి

దగ్గరికి జరిగి కూచోండమ్మా. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనే వినండి. చెవులు నాకిస్తే చాలు, చేతులు వాటి పని అవి చూసుకుంటాయి.

నాకు పెళ్ళయిన కొత్తల్లో, అరవైల చివర అనుకోండి, మా ఆయనకి వాలీబాల్ పిచ్చి. తెనాలి పక్కన మా ఊళ్ళో, రైస్ మిల్లు వెనక వడ్లు ఆరబోసే గచ్చు మీద ఆడేవాళ్ళు. ఆ గచ్చు పైనుంచే కరెంటు తీగలు. బంతి ఎత్తుగా లేచిందా, తీగలకి తగిలేది, మిల్లు వాళ్ళు బయటికొచ్చి తిట్టేవాళ్ళు. అందుకని మా వాళ్ళు బంతిని నెట్ మీద జానెడెత్తు లేపి, అది పైకి పోకముందే కొట్టేయడం అలవాటు చేసుకున్నారు. అవతలివాళ్ళకి చేతులెత్తే వ్యవధి ఉండేది కాదు.

అలా బంతి లేపే ఆయన పచ్చకామెర్లొచ్చి మంచాన పడ్డాడు. బాపట్లలో పోటీలేమో దగ్గరికొచ్చేశాయి. ఆయన బదులు ఎవరు?

మా తమ్ముడు రేపల్లె నుంచి దిగాడు. "మా బావ జట్టుకి ఆడుతున్నా" అని అక్కడి జట్టుకి రానని చెప్పేసి మరీ వచ్చాడు. వాడు లేపితే బంతి పువ్వులా లేచేది, చూసేవాళ్ళు ఆహా అనేవాళ్ళు. మా ఊళ్ళో ఉన్నదల్లా మిల్లులో కాటా వేసే ఆయన. పొట్టి మనిషి, ఆటలో అందం లేదు, కానీ రోజూ ఆ తీగల కిందే ఆడేవాడు.

మొదటి సాయంత్రమే మా ఆయన ఎగిరి కిందికి దిగాక గానీ తమ్ముడు లేపిన బంతి రాలేదు.

"కాస్త ఆగాలి బావా! అంత తొందరేంటి?"

"నువ్వు లేపే ఎత్తుకి కొంగలు కొట్టాలిరా, మనుషులు కాదు!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మర్నాడు సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ అడిగారు, "రోజూ వంటింటి కిటికీలోంచి చూస్తావుగా, ఏమంటావు?"

ఆలోచించకుండా అనేశాను. "తమ్ముడాడితే మిగతా అయిదుగురూ ఎగిరే అదును మార్చుకోవాలండి. కాటా ఆయనైతే ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు."

ఆయన చెంబు కింద పెట్టారు. "నీ మొహం చూసి వాడినే తీసుకుందామనుకున్నానే."

ఆయన ఆ మాట ముందే అని ఉంటే నేను నోరు మూసుకునేదాన్నేమో.

తెల్లారితే కార్తీక విదియ. ఆ రోజు తమ్ముడు అక్క చేతి అన్నం తినాలి, విస్తట్లో మెతుకు మిగల్చకూడదు. నేను వడ్డిస్తుంటే మా ఆయన చెప్పారు, "ఈసారికి కాటా ఆయన ఆడతాడురా. ఈ మాట నాదే." వాడి చెయ్యి అన్నంలో ఆగిపోయింది. మధ్యలో లేవకూడని రోజు. తలొంచుకుని అంతా తిని, "కూర బాగుందక్కా" అని రేపల్లె రైలెక్కాడు. అక్కడ వాడి చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. ఆ ఏడాదంతా గట్టున కూచుని చూశాడు.

బాపట్లలో మా వాళ్ళు గెలిచారు. ఓడిపోయి ఉంటే నా మనసు కాస్త తేలికపడేది.

తర్వాత ఏటా విదియకి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా, "మా బావకి బామ్మర్ది కన్నా కాటాయే తూగింది" అని దెప్పేవాడు. ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తి తాగేవారు. డెబ్భైల్లో ఒక ఏడు ఆ దెప్పు వినలేక, "తమ్ముడూ, ఆ మాట మీ బావది కాదురా..." అన్నాను.

"నెయ్యి వెయ్యి, అన్నం చల్లారిపోతోంది" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండానే.

వేశాను. "చాలక్కా, చాలు" అని వాడు చెయ్యి అడ్డం పెడుతున్నా వేస్తూనే ఉన్నాను.

సరే, కాయలయిపోయాయి. మీ ఇంటికొచ్చిన అన్నదమ్ములు కడుపునిండా తిని నవ్వుతూ లేవాలి తల్లీ. మీ పొయ్యి చల్లారకూడదు, మీ గడప మీద అలికిడి ఆగకూడదు.