చెవిలో ఈల

నిన్న ఫోనులో వేట వీడియో ఒకటి చూశాను. వేటగాడు తుపాకీ మూతికి జానెడు గొట్టం బిగించాడు. సప్రెసర్ అట. పేలుడు శబ్దం తగ్గించి చెవులు కాపాడుతుందట. నా చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయింది.

నాకప్పుడు ఏడేళ్లు. బాతుల వేటకి వెళ్తూ మావయ్య నన్నూ దోనె ఎక్కించుకుని కొల్లేట్లోకి తీసుకెళ్లాడు. నా తల పక్కనే తుపాకీ పేల్చాడు. నీళ్ల మీంచి వేల పక్షులు లేచాయి. రెక్కల చప్పుడు లేదు. మావయ్య పెదవులు కదులుతున్నాయి, మాట వినపడదు. గుండు నాకే తగిలిందనుకుని గౌను మీద నెత్తురు కోసం వెతుక్కున్నాను.

ఒడ్డు చేరేసరికి మాటలు వినపడ్డాయి గానీ, వాటి వెనక సన్నగా ఈల.

"చెవిలో ఈల మోగుతోంది మావయ్యా," అని ఏడ్చాను. రెండోసారి చెప్తేగాని ఆయనకి అర్థం కాలేదు.

"అదా? అందరికీ ఉండేదే కదమ్మా."

"ఎప్పుడు పోతుంది?"

"పోవడమేంటమ్మా, నాకు ఎన్నేళ్లనించో ఉంది."

ఇక బతికినంతకాలం ఇంతేననుకుని, ఆ భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు ఈల ఆగిపోయింది. ఆ సంగతి చెప్పాలని పరుగెత్తాను. మావయ్య అటు తిరిగి అరుగు మీద తుపాకీ తుడుచుకుంటున్నాడు. మూడుసార్లు పిలిచాను, తిరగలేదు.

నా మీద కోపమొచ్చిందనుకుని వెనక్కి వచ్చేశాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.