దానియేలు సార్ మిర్యాలగూడలో సాగదీసిన ఆట

నిన్న పొద్దున్నే ఫోన్. దానియేలు సార్ కూతురు.

"నాన్న ఇగ లేడంకుల్" అంది.

మొన్ననే వీడియో కాల్‌లో సార్‌తో మాట్లాడాను. టీవీలో ఏదో మ్యాచ్ చూస్తూ, "ఆ పోరడు పాస్ ఇయ్యడు, అన్నీ ఆనికే గావాలె" అని విసుక్కున్నారు.

తొంభై దాటిన మనిషే. అయినా షాక్ షాకే.

మీలో చాలామందికి ఆయన హైదరాబాద్‌లో పెద్ద క్లబ్ టీమ్‌ని నడిపిన ప్రొఫెషనల్ కోచ్. నాకు మాత్రం సూర్యాపేటలో మా డ్రిల్ మాస్టారు. అప్పటికి ఆయనకే పాతికేళ్ళు లేవు. మట్టి కోర్టు, కమ్మరి చేసిచ్చిన ఇనుప రింగు, చెప్పుల్లేని కాళ్ళు. అదీ మా బాస్కెట్‌బాల్. నేను గార్డ్‌ని.

నిజాం పాలన చివరి రోజులవి. తెల్లారితే ఏ ఊరు తగలబడిందో వినేవాళ్ళం. తుపాకులు పట్టిన నిజాం మనుషులు లారీల్లో తిరిగేవారు. వాళ్ళ మీద తిరగబడిన దళాలు చీకట్లో పొలాల వెంట నడిచేవి.

సార్ ప్రాక్టీస్ ఆపలేదు.

మా టీమ్‌లో అందరికంటే బాగా ఆడేది సైదులు. ఆత్మకూరువాడు, మా అందరి మీద తల ఎత్తు పొడుగు. వాడి అన్న దళంలో కలిశాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఎవరమూ నోరు విప్పేవాళ్ళం కాదు.

ఆ ఎండాకాలం కోదాడలో ఒక మ్యాచ్ గెలిచాం. ఆట అయ్యాక సోడా కొట్టాయన సార్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "మీ పొడుగబ్బాయి పేరు ఎవరో అడుగుతున్నారండీ. కాస్త చూసుకోండి."

బస్సులో మేమంతా కేకలు. సార్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తర్వాతి మ్యాచ్ మిర్యాలగూడ స్కూల్లో.

కోర్టు పక్కన ఆ లారీల మనుషులు కొందరు తుపాకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చప్పట్లు కొట్టడం లేదు. బంతి ఎటు పోతే అటు చూడటం లేదు.

సైదులు ఎటు పోతే అటు చూస్తున్నారు.

హాఫ్ టైమ్‌కి మేమే లీడ్‌లో ఉన్నాం. ఆ తుపాకుల వాళ్ళ నాయకుడు వచ్చి సార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ లంబూ పోరడు మంచిగ ఆడుతుండు. ఆట ఖతం అయినంక జర మాతోని పంపు. మాట్లాడేదుంది."

"అట్లనే సాబ్" అన్నారు సార్.

సెకండ్ హాఫ్ మొదలైన కాసేపటికి సైదులుని బయటికి పిలిచారు. కడుపునొప్పి అని అందరికీ వినపడేలా చెప్పి స్కూలు గదుల వెనక్కి పంపారు. వాడి తువ్వాల, సంచి బెంచీ మీదే ఉన్నాయి. గదుల వెనక సార్ బావమరిది సైకిల్‌తో నిలబడి ఉన్నాడని మాకు తెలియదు. వాడపల్లి దాకా పోయి కృష్ణ దాటితే, అవతల నిజాం రాజ్యం కాదు.

సార్ టైమ్ అవుట్ అడిగి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఇను. పొద్దు గూకేదాంక ఆట నడవాలె. చీకటైతే వీళ్ళు ఊరు దాటి పోరు, దళమోళ్ళ భయం."

"గెలుస్తున్నం గద సార్?"

"గెలుసుడు పక్కకు పెట్టు. నువ్వు పోయి కింద పడు."

పడ్డాను. సార్ నా మడమ ఒత్తుతూ చాలాసేపు కూర్చున్నారు. ఆయన కళ్ళు మాత్రం పడమటి పొద్దు మీదే ఉన్నాయి.

రిఫరీకి ఎదురు చెప్పడమంటే సార్‌కి అసహ్యం. ఆ రోజు ప్రతి ఫౌల్‌కీ వాదించారు. సున్నం గీత చెరిగిపోయిందని మళ్ళీ గీయించారు. మధ్యమధ్యలో గదుల వైపు తిరిగి, "ఎట్లుందిరా సైదులూ" అని అరిచేవారు.

"సార్‌కు పిచ్చి లేసింది" అని మా నర్సింహ బంతి నేలకేసి కొట్టాడు. సైదులు లేని టీమ్. ఒక్కొక్క బాస్కెట్టే ఎదుటి టీమ్ వాళ్ళు దగ్గరికొచ్చారు, దాటిపోయారు. ఆఖరి షాట్ ఎవరికీ సరిగ్గా కనపడను కూడా లేదు, అంత మసక.

ఓడిపోయాం.

నాయకుడు గదుల వెనక్కి వెళ్ళి తిరిగొచ్చాడు. సార్‌ని కాలర్ పట్టి లారీ ఎక్కించాడు.

"బస్ ఎక్కుండ్రి పిల్లలూ. ఎక్కడా దిగకుండ్రి" అన్నారు సార్ లారీలోంచి.

కొన్నాళ్ళకు తిరిగొచ్చారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. వాళ్ళేం చేశారు సార్ అని అడిగితే, "బంతి అందుకో" అన్నారు. అంతే. ఆ తర్వాత ఎంతమందికి షాట్ నేర్పినా ఎడమ చేత్తోనే చూపించారు.

సైదులు నది దాటాడు. నిజాం రాజ్యం పోయాక ఇక భయం లేదనుకుని నవ్వుకుంటూ వచ్చి మా కోర్టు దగ్గర నిలబడ్డాడు.

సార్ నవ్వలేదు. "కొత్త సర్కారోళ్ళు గూడ వచ్చి అడిగిపోయిండ్రురా. బట్టలు మారినయ్, అడిగేది మారలె. మీ అన్న దొరికేదాంక నిన్ను ఇడవరు. నది అవతల నిన్నెరిగినోళ్ళు లేరు. పో."

వాడు మళ్ళీ అదే నది దాటాడు. వాడి అన్న ఏమయ్యాడో తెలియలేదు, శవం కూడా దొరకలేదు.

పెద్ద కోచ్ అయ్యాక కూడా, ఏ స్టేడియంలోకి వెళ్ళినా సార్ ముందు కోర్టు చూసేవారు కాదు. గ్యాలరీలో ఒక్కొక్క వరసా చూసేవారు. ప్లేయర్లు అది స్టైల్ అనుకునేవారు.

చాలా ఏళ్ళకు బెజవాడలో సార్ టీమ్‌కి ఎదురుగా సైదులు కోచ్‌గా వచ్చాడు. నేనూ చూడ్డానికి వెళ్ళాను. సార్ టీమ్ వాళ్ళను ఊపిరాడకుండా కొట్టింది.

"జర కనికరం సూపొచ్చు గద సార్" అన్నాడు సైదులు.

"గీడ ఎవ్వని ఒళ్ళో తుపాకి లేదు గదరా. గిసొంటి కాడ గెలవాలె. కడుపునిండ గెలవాలె" అన్నారు సార్. అని, వాడి తల వంచి పని చేయని ఆ కుడిచేత్తోనే నిమిరారు.

సైదులు పోయి చాలా కాలమైంది. నర్సింహ కూడా లేడు. ఆ టీమ్‌లో ఇక మిగిలింది నేనే.

ఆటంతా నిలబడే చూశారు సార్ మీరు. ఇక కాసేపు కూర్చోండి.

ఆ మట్టి మిమ్మల్ని మెత్తగా దాచుకోవాలి.